స్వామి వేట పండగైంది, మన వేట కేసైంది: శేషాచలం కింద జింక వేట చరిత్ర

పోస్టు పొడుగ్గానే ఉంటుంది. హాస్టల్లో అన్నం తిన్నాక తీరిగ్గా కూర్చుని చదవండి.

కనుమ రోజు తిరుమలలో పారువేట ఉత్సవం జరుగుతుంది. మలయప్పస్వామిని పాపవినాశనం దారిలో ఉండే పారువేట మండపానికి ఊరేగింపుగా తీసుకుపోతారు. పూజలు, నైవేద్యాలు అయినాక అర్చకులు స్వామి తరఫున ముందుకు పరుగెత్తి, అడవిమృగాన్ని వేటాడినట్టుగా మూడుసార్లు ఈటె విసురుతారు. ఒక్క జంతువూ చావదు. జనం గోవిందలు పెడతారు. అహోబిలంలో ఇదే పారువేట కనుమ నాడు మొదలై సుమారు 40 రోజులు ఊరూరా తిరుగుతుంది. అక్కడ చెంచులకూ పాత్ర ఉంది. నరసింహస్వామి పెళ్లాడిన చెంచులక్ష్మి వాళ్ల ఆడబిడ్డ గదా.

కొండ మీద స్వామి వేటకు పోతే పండగ. కొండ కింద మన యానాది మామ భుజాన వల వేసుకుని అడవి వైపు నడిస్తే కేసు. ఈ రెండూ ఒకే కొండకు సంబంధించినవే. ఈ తేడా ఎప్పుడు వచ్చింది, ఎట్లా వచ్చింది, దాంట్లో మన తాతల వాటా ఎంత, ఇప్పుడు మనం ఏం చెయ్యాలి అనేదే ఈ పోస్టు.

ఒక మాట ముందే చెప్తున్నాం. ఇది వేట నేర్పే పోస్టు కాదు. ఈ రోజు ఆంధ్రప్రదేశ్‌లో జింకను కొట్టడం నేరం, దాంట్లో రెండో మాట లేదు. కానీ వేట మన చరిత్ర. చరిత్రను చెప్పుకోవడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. కాలేజీలో మన పిల్లల్ని "మీ తాతలు జంతువులను చంపి తినేవాళ్లంట గదా" అని ఎవరన్నా అడిగితే తల దించుకునే పరిస్థితి పోవాలనే ఇది రాస్తున్నాం.

ఎంత పాతది ఈ వేట?

రేణిగుంట అంటే అందరికీ రైల్వే జంక్షన్, విమానాశ్రయం గుర్తొస్తాయి. పురావస్తు శాస్త్రం చదివినవాళ్లకు మాత్రం రేణిగుంట అంటే రాతి పనిముట్లు. 1960ల్లో ఎం.ఎల్.కె. మూర్తి గారు రాళ్లకాలువ పరీవాహకంలో పాతరాతియుగం చివరి దశకు చెందిన సన్నటి రాతిపలకల పనిముట్లను వెలుగులోకి తెచ్చారు. ఇనుము తెలియని కాలంలో, వ్యవసాయం తెలియని కాలంలో ఈ నేల మీద మనుషులు వేటాడి, దుంపలు తవ్వుకుని బతికారనేదానికి అవి సాక్ష్యం. వాళ్లే మన వంశకర్తలు అని మేము చెప్పడం లేదు, అట్లా చెప్పడానికి ఆధారం లేదు. శేషాచలం అడుగున వేట అనేది నిన్న మొన్న పుట్టిన దొంగతనం కాదు అని మాత్రం చెప్తున్నాం.

కన్నప్ప తొలి వేట

మన ప్రాంతంలో వేట నేర్చుకున్న కుర్రోడి కథ ఒకటి దేశమంతా తెలుసు. అదే కన్నప్ప కథ. శ్రీకాళహస్తిలో ఆయన పేరు లేకుండా ఏ పనీ మొదలు కాదు. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు తొలి ధ్వజారోహణం శివుడికి కాదు, కన్నప్ప కొండ మీద కన్నప్పకి. ఆ తర్వాతే స్వామికి.

ఈ కథను 12వ శతాబ్దంలో చోళుల కాలంలో సేక్కిళార్ తమిళంలో పెరియపురాణంలో రాశాడు. 16వ శతాబ్దంలో ధూర్జటి తెలుగులో శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో చెప్పాడు. 1976లో కృష్ణంరాజు గారి సినిమా చూసినవాళ్లకు కళ్లు పెకలించి ఇచ్చే ఘట్టమే గుర్తుంటుంది. మనం చదవాల్సింది మాత్రం అంతకు ముందు భాగం.

పెరియపురాణం ప్రకారం తిన్నడిది పొత్తపినాడు. అంటే నేటి రాజంపేట, నందలూరు వైపు. తండ్రి నాగడు వేటగాళ్ల పెద్ద. ఆయన ముసలివాడై వేటకు పోలేకపోతున్నాడు. అడవి జంతువులు పెరిగి పంటలను పాడు చేస్తున్నాయని జనం వచ్చి మొరపెట్టుకుంటారు. అప్పుడు నాగడు పెద్దరికాన్ని కొడుక్కి అప్పగించి తొలి వేటకు పంపిస్తాడు. వలలు కడతారు, కుక్కలను వదులుతారు. ఒక పంది వల తెంచుకుని పారిపోతే తిన్నడు ఇద్దరు తోటివాళ్లతో దాన్ని తరుముకుంటూ పోయి కొడతాడు. అట్లా పోయి పోయి స్వర్ణముఖి ఒడ్డుకు, కాళహస్తి కొండ దగ్గరకు చేరతాడు. ఆ తర్వాతి కథ మీకు తెలుసు.

ఆ వేట వర్ణనలోనే సేక్కిళార్ ఒక సంగతి చెప్పాడు. ఆ వేటగాళ్లు ఎదురు తిరిగే మృగాలను కొడతారు గానీ ఏనుగు గున్నల వెంట పడరు, చిన్న కూనలను చంపరు, కడుపుతో ఉండి అడుగు తడబడే ఆడ జింకను అలయించరు అని. గుర్తు పెట్టుకోండి, ఇది సుమారు 900 ఏళ్ల కిందటి పుస్తకం. రాసినవాడు వేటగాడు కాదు, రాజు కొలువులో పనిచేసినవాడు. బయటివాడి కంటికే వేటగాళ్ల కట్టుబాటు అంత స్పష్టంగా కనిపించింది. వన్యప్రాణి సంరక్షణ అనే మాట ఇంగ్లీషువాళ్లతో వచ్చింది అనేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.

కన్నప్ప మావాడంటే మావాడని బోయలు, ఎరుకలు, చెంచులు ఎవరికి వాళ్లు చెప్పుకుంటారు. ఆ గొడవ మనకొద్దు. వేటాడిన మాంసాన్ని నోటితో రుచి చూసి పెట్టినవాడికి ఆ గుడిలో తొలి గౌరవం ఇస్తున్నారు. ఆయన చేసిన పనే చేసే మనుషులకు గుడి బయట ఏ గౌరవం ఉంది అనేదే మన ప్రశ్న.

నేర్చుకునేవాడికి చివరి పాఠం జింక

మన పెద్దోళ్లు చెప్పే వేటలో ఒక వరుస ఉంది. పిల్లోడు మొదట జింక దగ్గరకు పోడు. మొదట ఎలుక, తర్వాత కుందేలు, కౌజు, ఆ తర్వాతే పెద్ద జంతువులు.

వరి కోతలు అయినాక, సంక్రాంతి ముందు వెనకల్లో, యానాదులు పొలాల్లో ఎలుకలు పట్టడం ఇప్పటికీ మీరు చూసే ఉంటారు. అడుగున చిల్లి ఉండే కుండలో గడ్డి పెట్టి నిప్పంటించి, మూతిని బొరియకు ఆనించి, చిల్లిలోనుంచి ఊదుతారు. పొగ బొరియంతా పాకుతుంది. మిగతా కన్నాలు ముందే మూసేసి ఉంటారు. ఎలుక దొరుకుతుంది, దాంతోపాటు అది దాచుకున్న వడ్లూ దొరుకుతాయి. రైతుకు పంట మిగులుతుంది, మనవాళ్లకు కూర, గింజలు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల పుస్తకంలో కూడా యానాదుల గురించి రాస్తూ ఈ పొగ పద్ధతిని చెప్పాడు. ఈ పనిలోనే పిల్లోడికి మొదటి పాఠాలు అబ్బుతాయి. బొరియకు ఎన్ని దారులున్నాయి, గాలి ఎటు వీస్తోంది, ఏ కన్నం కొత్తది, ఏది పాతది అని చూడడం అలవాటవుతుంది.

జింక వేటకు అసలైన కాలం దాని తర్వాత వస్తుంది. ఏడాది చివర, ఆకు రాలే కాలంలో. అమెరికాలో జింక వేట సీజను చలికాలంలో ముగుస్తుంది, చివరి వారాలకు అక్కడ మంచు ఉంటుంది. మన దగ్గర కారు చివరంటే ఎండ. సంక్రాంతి దాటి శివరాత్రి వచ్చేసరికి శేషాచలంలో చిన్న వాగులు ఎండిపోతాయి. నీళ్లు కోనల్లో, రాతి దొనల్లో మాత్రమే మిగులుతాయి. పొదలు పలచబడి దూరం కనిపిస్తుంది. రాలిన ఆకు మీద కాలు పెడితే చప్పుడు. అది జింకకూ వినిపిస్తుంది, మనిషికీ వినిపిస్తుంది.

ఈ అడవిలో ఉండేవాటిని మనవాళ్లు వేర్వేరుగా గుర్తు పడతారు. చుక్కల దుప్పి గుంపుగా తిరుగుతుంది. కణితి ఒంటరిగానో ఇద్దరు ముగ్గురుగానో చీకటి పడ్డాక కదులుతుంది. కొండగొర్రెకు నాలుగు కొమ్ములు. మూషిక జింక కుందేలుకు కొంచెం పెద్దది, కొమ్ములే ఉండవు. కృష్ణజింక అడవి లోపల కాదు, మైదానంలో ఉండే జంతువు. దాంట్లో మగది ఇర్రి, ఆడది లేడి. లేడికి లేచిందే పరుగు అన్న సామెత ఎవరో పండితుడు పుట్టించింది కాదు, చూసినవాడు అన్నది.

కొండముచ్చులు చెట్టు మీద ఉంటే కింద దుప్పులు ఉంటాయి. కొండముచ్చు సగం తిని పడేసే ఆకు, కాయ దుప్పికి తిండి. పైనుంచి కొండముచ్చు చిరుతను చూసి అరిస్తే కింద దుప్పి జాగ్రత్త పడుతుంది. దుప్పికి వాసన ముందు తెలిస్తే అది అరుస్తుంది, కొండముచ్చు ఇంకా పైకి పోతుంది. ఇద్దరూ ఒకరికొకరు కాపలా. సంక్రాంతి రోజుల్లో ఉసిరి, రేగి కింద, ఎండలు ముదిరాక ఇప్పపూల కింద జింక జాడ ఉంటుంది. మట్టిలో అడుగు అంచు పదునుగా ఉంటే కొత్తది, విరిగి గాలికి చెదిరితే పాతది. పెంటికలు మెరుస్తూ ఉంటే దగ్గర్లోనే ఉంది, పొడిబారితే పోయి చాలాసేపయింది. యూనివర్సిటీలో జంతుశాస్త్రం చదివే మన పిల్లలు ఇప్పుడు వీటిని ఫీల్డ్ మెథడ్స్ అని నోట్సు రాసుకుంటున్నారు. ఇంట్లో తాతకు బడి లేకుండానే వచ్చిన చదువు అది.

ఇక్కడే కట్టుబాటు సంగతి వస్తుంది. ఎండాకాలం చివర నీళ్లు ఒకేచోట ఉంటాయి గనక జంతువులన్నీ అక్కడికే వస్తాయి. వేట సులువు. సులువు గనకే ప్రమాదం. ఆ ఒక్క దొన దగ్గర కూర్చుని వచ్చిందల్లా కొడితే వచ్చే ఏడాదికి ఆ కోనలో ఏమీ మిగలదు. విల్లు, వల, కుక్క ఉన్న మనిషి ఆశపడినా ఒకటో రెండో కొట్టగలడు. తెచ్చింది గుడిసెలన్నీ పంచుకు తినాలి, దాచుకునే వీలు లేదు. ఇంటి తిండికి చేసే వేటకు హద్దు దానంతటదే ఉంటుంది. తుపాకీ, మోటారు బండి, హెడ్‌లైటు, మాంసం కొనే హోటలు వచ్చాక ఆ హద్దు పోయింది. వేట చెడిపోయింది మన తాతల విల్లుతో కాదు, డబ్బుతో.

రాజుల వేట, దొరల వేట

రాజులు కూడా వేటాడారు. విజయనగరం పుట్టుకే వేట కథతో మొదలవుతుంది. కుందేలు వేటకుక్కల మీద తిరగబడిన చోట రాజధాని కట్టారని ఐతిహ్యం. హంపిలో మహానవమి దిబ్బ మీద జింకల వేట చెక్కి ఉంది. మనుచరిత్రలో స్వరోచి వేట ఉంది. రాజు చేస్తే అది వినోదం, కావ్యానికి వస్తువు. ఆ వేటల్లో జాడ తీసినవాళ్ల, మృగాన్ని ఎగదోలినవాళ్ల పేర్లు ఏ శిల్పం కిందా కనపడవు.

ఇంగ్లీషువాళ్ల కాలంలో ఈ తేడా కాగితం మీదికి ఎక్కింది. 1878 ఆయుధాల చట్టంతో తుపాకీకి లైసెన్సు కావాలి. 1879లో నీలగిరుల్లో వేట జంతువుల కోసం ప్రత్యేక చట్టం తెచ్చారు. ఏ నెలల్లో వేటాడకూడదు, ఎవరికి లైసెన్సు అని రాసుకున్నారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ రోజుల్లో తిరుపతి, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఆ చట్టం కింద కొండలు రిజర్వు ఫారెస్టు అయినాయి. రిజర్వులో అనుమతి లేకుండా వేటాడినా, ఉచ్చు పన్నినా, నీళ్లలో మందు కలిపి చేపలు పట్టినా నేరం. తరతరాలుగా నడిచిన అడవిలోనే మనవాళ్లు అతిక్రమణదారులు అయిపోయారు. అదే అడవిలో లైసెన్సు ఉన్న దొర మాత్రం క్రీడాకారుడు. ఒకే జింక, ఒకే చావు. చంపినవాడి చేతిలో కాగితం ఉంటే షికారు, లేకుంటే దొంగ వేట.

బెంగళూరుకు చెందిన కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) పేరు మీలో పుస్తకాలు చదివేవాళ్లకు తెలిసే ఉంటుంది. మామండూరు, చామల లోయ అడవుల గురించి, అక్కడి పులుల గురించి ఆయన రాసిన కథలు ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతారు. రేణిగుంట నుంచి కోడూరు పోయే రైలులో మామండూరు దాటేటప్పుడు కిటికీలోనుంచి చూడండి, అదే అడవి. ఆండర్సన్ మంచి రచయిత, అడవి మనుషుల మీద ప్రేమ ఉన్నవాడు కూడా. అయినా మన అడవి గురించి లోకం చదివింది తుపాకీ పట్టినవాడి మాటల్లోనే. జాడ చూపించినవాళ్లు రాసిన పుస్తకం ఒక్కటీ లేదు.

రాత్రి ఇంట్లో లేకపోతే నేరం

అటవీ చట్టం అడవిని మూసేస్తే, ఇంకో చట్టం ఊరిని జైలు చేసింది. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో కొత్తగా రాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మన ఎరుకల వాళ్లను ఆ జాబితాలో పెట్టారు. వేలిముద్రలు, హాజరు పట్టీ, ఊరు దాటాలంటే పాసు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అట్లా పుట్టినవే. రాత్రిపూట మనిషి గుడిసెలో లేకపోతే నేరం చేయడానికే పోయాడని లెక్క. వేటగాడు పోయేదే రాత్రి, తెల్లవారుజాము. ఇంక వేట ఎట్లా సాగుతుంది? ఈ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో రద్దు చేసింది. దేశమంతా రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయింది గానీ చూపు పోలేదు. ఊళ్లో ఏది పోయినా ముందు మన గుడిసెల వైపే చూసే అలవాటు అక్కడి నుంచి వచ్చిందే.

యానాదుల కథ ఇంకో రకం. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట దీవి 1835లో కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. మద్రాసుకు వంటచెరకు కోసం ఆ అడవి కావాల్సి వచ్చింది. అక్కడి యానాదులు తేనె, చిరివేరు, దుంపలు, కాయలు సేకరించి సర్కారుకు ఇచ్చి గింజలు తీసుకునేవాళ్లు. అడవిని తెలిసినవాళ్లే అడవిలో కూలీలయ్యారు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రం కోసం ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. దీవి జనం బయటికి వచ్చారు. రాకెట్ ఎగిరితే మనమూ చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. అయితే ఆ నేలను పాదాలతో ఎరిగినవాళ్లు ఎవరో కూడా చెప్పుకోవాలి. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల మధ్య తిరిగి, వాళ్ల గురించి ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. అది 1962లో వచ్చింది. లైబ్రరీలో దొరికితే చదవండి.

నేటి చట్టం ఏం చెప్తోంది?

ఈ భాగాన్ని చిన్న తమ్ముళ్లు జాగ్రత్తగా చదవాలి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో దాంట్లో కూడా వేట లైసెన్సులు ఉండేవి. పెద్ద వేటకు ఒకటి, చిన్న వేటకు ఒకటి, వలలు పన్నడానికి ఒకటి. 1991 సవరణతో అవి పోయాయి. కాబట్టి దేశంలో సరదా వేట అనేది ఎవరికీ లేదు, దొరకూ లేదు, మనకూ లేదు. ఈ సమానత్వం వరకు మంచిదే. మన అడవి వరకు చూస్తే 1985లో శ్రీవేంకటేశ్వర అభయారణ్యం, 1989లో జాతీయ పార్కు వచ్చాయి. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. కుప్పం, పలమనేరు వైపు 1990 నుంచి కౌండిన్య అభయారణ్యం ఉంది.

చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, తరమడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. మామూలు శిక్ష 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. జంతువు 1వ షెడ్యూలుదైనా, వేట అభయారణ్యంలోనో జాతీయ పార్కులోనో జరిగినా 3 నుంచి 7 ఏళ్లు, జరిమానా 25 వేలకు తక్కువ ఉండదు. కృష్ణజింక, ఉడుము, అలుగు 1వ షెడ్యూలువే. ఇంకో ముఖ్యమైన సంగతి 57వ సెక్షన్. మాంసమో తోలో కొమ్మో నీ దగ్గర దొరికితే, అది చట్టవిరుద్ధం కాదని నువ్వే నిరూపించుకోవాలి. అందుకే అడవిలో రాలిపడిన కణితి కొమ్ము కనిపించినా ఇంటికి తేవద్దు.

డబ్బిస్తామని చెప్పి మన పిల్లల్ని రాత్రిపూట అడవిలోకి పంపేవాళ్లు ఉంటారు. మాంసం తినేవాడు ఏసీ కారులో పోతాడు. బండి మీద దొరికేది మనవాడు. బెయిలుకు పొలం తాకట్టు, చదువు మధ్యలో ఆగిపోవడం, ఉద్యోగం వచ్చినా పోలీసు వెరిఫికేషన్‌లో కేసు. తాతల వేటకూ దీనికీ సంబంధం లేదు. తాతది తిండి, ఇది ఇంకొకరి వ్యాపారానికి కూలి.

2006 అటవీ హక్కుల చట్టం ఏం చేసింది? మనకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని ఒప్పుకుంది. చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది, సంప్రదాయ హక్కులను గుర్తించింది. కానీ 3(1)(ఎల్)లో ఒక మినహాయింపు పెట్టింది. అడవిజంతువులను వేటాడే, ఉచ్చు వేసే సంప్రదాయ హక్కు మాత్రం దీంట్లో రాదు అని. అంటే చట్టం వేటను సంప్రదాయ హక్కు అని పేరు పెట్టి మరీ పక్కన పెట్టింది. దొంగతనమైతే హక్కు అని పిలవదు గదా. ఆ మాటను గట్టిగా పట్టుకోవాలి.

సముద్రం అవతల

అమెరికాలో తెల్లతోక జింక అని ఒకటి ఉంది. పరుగెత్తేటప్పుడు తోక పైకెత్తితే కింద తెల్లగా కనిపిస్తుంది. మార్కెట్ కోసం కొట్టి కొట్టి 1900 నాటికి దాన్ని దాదాపు అంతం చేశారు. తర్వాత చట్టాలు, సీజన్లు, లెక్కలు పెట్టి మళ్లీ పెంచారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో 1973లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట లైసెన్సు కొనాలంటే ముందు శిక్షణ కోర్సు పాసవ్వాలి.

మనకు కావాల్సింది అక్కడి ఓజిబ్వే ఆదివాసుల సంగతి. వాళ్లు 1837, 1842 ఒప్పందాల్లో భూమిని అమెరికా ప్రభుత్వానికి ఇచ్చేస్తూ, దాని మీద వేట, చేపలు, సేకరణ హక్కును మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. తర్వాత రాష్ట్రం ఆ హక్కును తొక్కేసింది, వేటాడినవాళ్లను అరెస్టు చేసింది. 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ హక్కు ఇంకా బతికే ఉందని తీర్పు ఇచ్చింది. దాని మీద తెల్లవాళ్లు చెరువుల ఒడ్డున పెద్ద గొడవలు చేశారు. తెగలు మాత్రం 1984లో సొంత కమిషన్ పెట్టుకుని, సొంత జీవశాస్త్రవేత్తలను, సొంత గార్డులను పెట్టుకుని, ఎన్ని జింకలు ఉన్నాయి, ఎన్ని తీసుకోవచ్చు అని లెక్క కట్టుకుంటున్నాయి.

వాళ్లకూ మనకూ తేడా ఒక్కటే. వాళ్ల చేతిలో ఒప్పందం కాగితం ఉంది. మన కొండలను తీసుకునేటప్పుడు మనతో ఎవరూ ఒప్పందం రాసుకోలేదు, గెజిట్‌లో అచ్చువేశారు, అంతే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఐదో షెడ్యూలు ప్రాంతం కూడా లేదు, కాబట్టి పీసా చట్టం కూడా మనకు వర్తించదు. మరి మన చేతిలో ఏముంది?

తెలివి మిగిలి ఉంది

పక్కనే తమిళనాడులో ఇరులలు పాములు పట్టి తోళ్లు అమ్ముకుని బతికేవాళ్లు. 1972 చట్టం తర్వాత ఆ బతుకు ఆగిపోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతితో పాములు పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. 2017లో మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్ ఫ్లోరిడా పోయి అక్కడి శాస్త్రవేత్తలకు కొండచిలువలు పట్టి చూపించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. వేట తెలివి అదే, చేతులు అవే. పని మాత్రం మారింది. నల్లమలలో చెంచులు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో జాడలు తీసి పులులను కాపాడుతున్నారు. అదీ వేట చదువే.

అటవీ హక్కుల చట్టం 3(1)(కె) ఉంది. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని అది చెప్తుంది. (ఎల్)లో తీసేసినది మనకు తెలుసు, (కె)లో ఇచ్చినది చాలామందికి తెలియదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. అందులో ఏ చెట్టు, ఏ జంతువు, దాని గురించి ఊరివాళ్లకు తెలిసిన సంగతి ఏంటి అని రాస్తారు. ఆ పేజీల్లో మన తాతల మాటలు ఉండాలి. రాసేవాళ్లు మనలోనే ఉన్నారు, డిగ్రీ చదివినవాళ్లు.

మళ్లీ జింకలను కొట్టే హక్కు కావాలని మేము అడగడం లేదు. మిగిలిన జింకలు బతకాలి. చిరుతకూ తిండి కావాలి. మేము అడిగేది మూడు. మన తాతలను దొంగలు అని రాయొద్దు. ఈ అడవిలో ట్రాకర్లు, వాచర్లు, గైడ్ల ఉద్యోగాలు ఇచ్చేటప్పుడు జాడ తెలిసిన ఇంటి పిల్లలను ముందు చూడాలి. మన పేరు మీద మన తెలివి నమోదు కావాలి.

మనం చేయాల్సింది ఒకటే, అది ఈ సెలవుల్లోనే మొదలు పెట్టొచ్చు. ఇంటికి పోయినప్పుడు తాతతో, అవ్వతో కూర్చోండి. ఎవరిని కొట్టావు, ఎన్ని కొట్టావు అని అడగొద్దు, భయపడతారు. ఆ భయానికి కారణం పైన చెప్పుకున్నాం. కోనల పేర్లు, దొనల పేర్లు అడగండి. ఏ నెలలో ఏ కాయ కింద ఏ జంతువు వస్తుంది, దాని అడుగు ఎట్లా ఉంటుంది, దేన్ని కొట్టకూడదు అని చెప్పేవాళ్లు, ఎందుకు అని అడగండి. ఫోనులో రికార్డు చేయండి. యానాది, ఎరుకల, సుగాలి, నక్కల, ఎవరి మాటలో ఉంటే ఆ మాటలోనే ఉంచండి, పుస్తకాల తెలుగులోకి మార్చొద్దు. ఊరి పేరు, మండలం రాసి గ్రూపులో పెట్టండి. మనిషి పేరు, పాత వేట వివరాలు మాత్రం పెట్టొద్దు.

ఈ తెలివి అడవి కాచిన వెన్నెల కాకూడదు. చెప్పేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వచ్చే కనుమకు పారువేట చూడడానికి కొండకు పోయేవాళ్లు పోండి, దండం పెట్టుకోండి. దిగి వచ్చేటప్పుడు దారి పక్కన ఇసుకలో ఒక్క అడుగు ఏ జంతువుదో గుర్తు పట్టగలమా అని చూసుకోండి. గుర్తు పట్టలేకపోతే ఆ సాయంత్రమే తాతను అడగండి.

జై ఆదివాసి.